ఏథెన్స్‌లో చవకగా తినాలంటే

చి. ప్రసాద్‌కు,

ఆశీస్సులు. ఏథెన్స్‌లో ఉన్నన్నాళ్లూ అసలు భోజనం మధ్యాహ్నానికే పెట్టుకో. పాతకాలపు భోజనశాలల్లో 'మాగిరెఫ్తా' అనే వంటలు పొద్దున్నే ఒక్కసారి వండి, అద్దాల వెనక పెద్ద ట్రేలలో పెడతారు. ఒంటిగంటకు వెళ్తే అన్నీ దొరుకుతాయి. మూడు దాటితే మంచివన్నీ అయిపోతాయి, మళ్లీ వండరు. మెనూ కోసం చూడకుండా నేరుగా ట్రేల దగ్గరికి వెళ్లి, కావలసింది వేలితో చూపించు. ఆకలి తక్కువైతే 'మిసీ మెరిదా' అను, సగం వడ్డన అడిగినట్టు. కూర గోరువెచ్చగా ఉందని వెనక్కి పంపకు. అలా నిలిచాకే టమాటా, ఆలివ్ నూనె బీన్సుకీ బెండకాయకీ పడతాయి. అడుగున మిగిలే నూనె రొట్టెతో అద్దుకు తినడానికే.

ఇలాంటి భోజనశాలల కోసం అథినాస్ వీధిలో వర్వాకియోస్ మార్కెట్ చుట్టుపక్కల వెతుకు. దగ్గర్లోనే సోక్రాతుస్, థియాత్రు వీధుల మూలన 'దిపోర్తో' అనే నేలమాళిగ భోజనశాల ఉంది. బోర్డు లేదు, మెనూ లేదు. రెండు తలుపులు, గోడ వెంబడి వైన్ పీపాలు. కాబూలీ శనగల పులుసు, ఫావా లాంటివి పెడతారు. ఫావా అంటే మెత్తగా ఉడికిన పసుపు పప్పు మీద పచ్చి ఉల్లిపాయ, ఆలివ్ నూనె. ముద్దపప్పు తినేవాడివి, నీకు తేలిగ్గా నచ్చుతుంది. ఆదివారం మార్కెట్ మూత.

ఇద్దరికి ఒక పప్పు వంటకం, ఒక హోరియాతికి (టమాటా, కీరా, ఉల్లిపాయ, ఫెటా చీజ్ కలిపిన పల్లెటూరి) సలాడ్, రొట్టె చాలు. ఖర్చు పెరిగేది మాంసం, చేపల దగ్గరే. చేపలకు చాలాచోట్ల కిలో లెక్కన ధర రాస్తారు. వండకముందే నీ ఎదుట తూచమని, మొత్తం ఎంతవుతుందో అడుగు. రొట్టె అడక్కుండానే వస్తుంది, తలకింతని బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే బల్ల మీద పెట్టేటప్పుడే చెప్పు. సీసా నీళ్లు కొనకు, అక్కడి కుళాయి నీళ్లు మంచివి. 'నెరో వ్రీసిస్' అంటే ఇస్తారు. వైన్ కావాలంటే పీపా వైన్ అరకిలో అడుగు. అవును, వైన్‌నీ కిలోల్లోనే కొలుస్తారు.

శాకాహారం తినాలనుకున్నప్పుడు మాత్రం జాగ్రత్త. 'గెమిస్తా' అనే అన్నం కూరిన టమాటాల్లో ఒక్కోచోట ఖీమా కూడా కలుపుతారు. 'హోరిస్ క్రేయాస్', అంటే మాంసం లేనిదా అని అడుగు. ఉపవాస వంట అన్న మాట నమ్మి తినేయకు. వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, స్క్విడ్ చెల్లుతాయి.

మాంసం తింటే, రాత్రికి పీతా రొట్టెలో చుట్టిన సువ్లాకి (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు) కొనుక్కుని నిలబడి తినెయ్. 'కలమాకి' అన్నావంటే ఏథెన్స్‌లో పుల్లకు గుచ్చిన మాంసం ఒక్కటే ఇస్తారు. బల్ల దగ్గర కూర్చుంటే చాలా కొట్లలో ధర వేరు. ముందు ధరల పట్టిక చూసి కూర్చో.

డబ్బిచ్చేముందు ముద్రించిన రసీదు అడిగి తీసుకో. రసీదు ఇవ్వకపోతే చెల్లించనక్కర్లేదని అక్కడి చట్టమే చెబుతుంది. ఆగస్టు 15 ప్రాంతంలో వెళ్లేటట్టయితే, ఇలాంటి చిన్న కొట్లు చాలావరకు సెలవుల కోసం మూసి ఉంటాయి. ప్రయాణం తేదీలు ఖాయం చేసుకునే ముందే ఇది చూసుకో.

మీ పెదనాన్న