ఎండలో కూలబడుతున్న మీ లాబ్రడార్ గురించి

మే నెలలో ఉదయం 9 గంటలకు అనంతపురం రోడ్ల మీద పరుగెత్తిస్తే మీ కుక్క మధ్యలోనే కూలబడుతోందని, ఇంటికి వచ్చాక సంగటి ముట్టడం లేదని రాశారు. నా అభిప్రాయంలో తప్పు తిండిది కాదు, వేళది. కుక్కకు పాదాల వద్ద తప్ప చెమట దాదాపు పట్టదు కనుక, అది ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అందువల్ల సూర్యోదయానికి ముందే తిప్పండి. సాయంత్రమైతే మీ చేతి వెనుకవైపును రోడ్డుపై 7 సెకన్లు ఆనించి, ఓర్చుకోగలిగితేనే బయలుదేరండి. పరుగు ముగిసి, రొప్పు పూర్తిగా తగ్గాక, సంగటిలో ఉడికించిన గుడ్డో కోడిమాంసమో కలిపి పెట్టండి. ఉల్లిపాయ పడిన పులుసు (మన ఇళ్లలో తరచూ పోసేది అదే) ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది కాబట్టి వద్దు. కుక్క తూలితే నీళ్లతో తడుపుతూ వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. వేళ మార్చినా రెండు రోజుల్లో ఆకలి తిరిగి రాకపోతే, పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమో రక్తపరీక్ష చేయించండి.