మావాడు లారీ షెడ్డు వదలట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. సీఎస్ఈ ఏఐలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాను, అవసరమైతే చెరువు తాకట్టు పెడతాను. వాడేమో ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేస్తానంటున్నాడు. మొన్న హౌరా వెళ్లాల్సిన చేపల లారీ స్టార్ట్ కాకపోతే రాత్రంతా షెడ్డులోనే ఉన్నాడు. కొత్త బ్యాటరీలు వేసినా తిరగని ఇంజన్‌లో ఎర్త్ కేబుల్ పోయిందని మీటరు పెట్టి కనిపెట్టింది వాడేనట. రేపు ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఈ పని ఉంటుందా? రెండు కోర్సులూ పోల్చి, వాడికి బుద్ధి వచ్చేలా రాయండి.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుద్ధి చెప్పాల్సినంత తప్పు వాడు చేసినట్టు నాకు కనిపించలేదు. ఆ రాత్రి జరిగినదాన్ని మీరు ఫిర్యాదులా రాశారు. అసలు వాడేం చేశాడో ముందు చూద్దాం.

పెద్ద లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఇస్తాయి. తాళం తిప్పితే ఇంజన్ తిరగకపోవడం ఒక జబ్బు, తిరిగినా అంటుకోకపోవడం మరో జబ్బు. ఈ రెండూ వేరని తెలియనివాళ్లే ముందు బ్యాటరీలు మార్చేస్తారు. మీవాడు మీటరు వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి, డ్రైవర్‌ను సెల్ఫ్ కొట్టమని ఉంటాడు. అప్పుడు మీటరు అర వోల్టు లోపే చూపించాలి. రెండు మూడు వోల్టులు చూపిస్తే కరెంటు దారిలోనే పోతోందని అర్థం. ఐసు నీళ్లు రోజూ కారే చేపల లారీలో ఎర్త్ కేబుల్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే వైరు, పైకి నల్లగా బాగానే ఉంటుంది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి పచ్చగా పొడిపొడిగా రాలుతుంది. చీకట్లో, పక్కన డ్రైవరు టెన్షన్ పడుతుండగా, వరుస తప్పకుండా వెతికి దాన్ని పట్టుకున్నాడు. దీన్ని చదువు కాదంటే ఎలాగండీ?

సీఎస్ఈ ఏఐ గురించి కూడా దాపరికం లేకుండా చెబుతాను. కోడింగ్ మీద ఇష్టం, లెక్కల్లో పట్టు ఉన్న పిల్లలకు అది మంచి దారే. నేనే ఎంతోమందిని పంపాను. కానీ నాలుగైదేళ్లుగా ఆ పేరు పెట్టుకున్న సెక్షన్లు ప్రతి కాలేజీలోనూ పుట్టుకొచ్చాయి. చెప్పేవాళ్లు అంతమంది ఎక్కడున్నారని అడిగితే సరైన జవాబు దొరకదు. ఇష్టం లేకుండా చేరి, బ్యాక్‌లాగులు మోస్తూ, చివరికి హైదరాబాద్ హాస్టల్లో ఇంకో కోర్సుకు ఇంకో ఫీజు కట్టే పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. వాళ్ల నాన్నలూ పొలమో చెరువో తాకట్టు పెట్టినవాళ్లే. కొత్త టూల్స్ వచ్చాక, ఫ్రెషర్లకు ఇచ్చే చిన్న చిన్న పనులు ఎంతవరకు మిగులుతాయో నాకే అనుమానంగా ఉంది. వద్దంటున్న పిల్లాడి కోసం మీరు చెరువు తాకట్టు పెట్టకండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. రాత్రంతా వాడు షెడ్డులో ఉన్నాడని రాశారు. పొద్దున ఇంటికొచ్చాక ఏం చేశావని అడిగారా, లేక నూనె చొక్కా చూసి తిట్టారా? మీ భయం సంపాదన గురించి కాదనిపిస్తోంది. నలుగురిలో 'మావాడు మెకానిక్' అని ఎలా చెప్పుకోవాలి, రేపు పిల్లనెవరిస్తారు అన్నదే మీ దిగులు. ఆ దిగులు మీది, దాని బరువు పద్దెనిమిదేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

అలాగని షెడ్డులోనే ఉండిపోనివ్వమని అనను. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే లారీలన్నీ బీఎస్6, అంటే కాలుష్యం తగ్గించాలన్న కొత్త నిబంధన ప్రకారం చేసినవి. పాత ఇంజన్‌లో డీజిల్ అందుతోందో లేదో చూడటానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవాళ్లు. ఇప్పటి బండ్లలో కామన్ రైల్ ఉంటుంది, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఒకే గొట్టం. అందులో వెయ్యి బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు, దాటే ఒత్తిడి ఉంటుంది, ఆ డీజిల్ చుక్క చర్మంలోకి దూసుకుపోతే చెయ్యే పోవచ్చు. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తే డీజిల్ వెళ్తోంది కానీ మండట్లేదని, పొగే లేకపోతే డీజిల్ అందట్లేదని గురువు నేర్పుతాడు. కానీ రైల్ ప్రెషర్ ఎంతుందో, ఏ సెన్సర్ మొరాయించిందో బండిలోని కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో చూడాలి, వైరింగ్ బొమ్మ చదవాలి. అందుకు కోర్సు కావాలి. డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. ఎంపీసీ చదివినవాడు కాబట్టి రెండేళ్లదే మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత ఆర్టీసీ డిపోలోనో, లారీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో అప్రెంటిస్‌గా చేరాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే ఉంటుంది, అది ముందే తెలుసుకోండి. ఇంకా చదువుతానంటే పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా, అక్కడి నుంచి డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. దారి మూసుకుపోదు.

ఎలక్ట్రిక్ లారీలు వస్తున్నాయి, నిజమే. కానీ ఇవాళ మన హైవే మీద తిరుగుతున్న డీజిల్ లారీలు రేపటికి మాయం కావు. ఎలక్ట్రిక్ బండిలోనూ కేబుళ్లు పాడవుతాయి, సెన్సర్లు మొరాయిస్తాయి. మీటరు పట్టుకుని వరుసగా వెతికేవాడి అవసరం అక్కడ ఇంకా ఎక్కువ. హై వోల్టేజీ బండి మీద శిక్షణ లేకుండా చెయ్యి పెట్టకూడదు కాబట్టి, కోర్సయ్యాక అదీ నేర్చుకోవాలి.

పోల్చి చెప్పమన్నారు, మీవాడి విషయంలో నాకు పోలికే కనిపించలేదు. ధైర్యంగా ఉండండి. ఈ ఆదివారం వాడితో కలిసి షెడ్డుకు వెళ్లండి. ఆ రాత్రి ఏం చేశాడో వాణ్నే చెప్పమనండి, మధ్యలో ఆపకుండా వినండి. సోమవారం ఇద్దరూ కలిసి దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి వర్క్‌షాపు చూడండి. నడిచే ఇంజన్ ఉందా, స్కానర్ ఉందా, పిల్లల చేత విప్పిస్తున్నారా అని అడగండి. లేవంటే ఇంకో ఐటీఐ చూడండి.