లైఫ్‌టైమ్ అంటున్నారు, కొనాలా మామా?

అల్లుడూ,

ఆదోనిలో షాపుకు అడ్వాన్స్ ఇచ్చినావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు రాత్రి వాట్సాప్‌లో పెట్టిన ఆఫర్ పొద్దున చూసినా. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్, లైఫ్‌టైమ్ లైసెన్స్, 9,500 రూపాయలు, ఈ ఒక్కరోజే. నెలనెలా కట్టే టెన్షన్ ఉండదు కదా అన్నావు. కొనద్దని చెప్పను. కానీ అదేదో పొలం కొన్నట్టు లెక్కేసుకోవద్దు.

నా సంగతి విను. 2003లో ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నా. ఒకసారి కడితే జీవితాంతం మీదే అన్నారు. దాంతో ఒక లాక్ ఇచ్చినారు. అగ్గిపెట్టెంత ఉంటుంది, రెండు పక్కలా మరలు. ప్రింటర్ కేబుల్ పెట్టే పోర్టుకు బిగిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు మా షాపు మునిగింది. నీళ్లు తీసినాక బురదలో ఆ లాక్ దొరికింది. పాత టూత్‌బ్రష్‌తో పిన్నుల మధ్య మట్టి గీకి, మిద్దె మీద మూడు రోజులు ఎండబెట్టినా. నమ్ముతావో లేదో, పనిచేసింది! బిల్లు మాత్రం బీరువాలోనే ముద్దయిపోయింది. ప్రాణాలు దక్కినాయని సంతోషపడే రోజుల్లో బిల్లు ఎవరికి గుర్తు?

కొన్నేళ్లకు మదర్‌బోర్డు పోయింది. కొత్తదానికి ఆ పోర్టే లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, యూఎస్‌బీ లాక్ ఇస్తాం సార్, పాత బిల్లు పంపండి అన్నారు. బిల్లు యాడుంది? మళ్లీ డబ్బు పెట్టి కొన్నా. ఆ పాత లాక్ ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. లైసెన్స్ బతికే ఉంది అల్లుడూ, తగిలించే చోటే లేదు.

పెద్ద కంపెనీల సరుకైనా అంతే. అడోబీ వాళ్లు 2012లో ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లాంటివన్నీ ఉండే సీఎస్6 తెచ్చి, మరుసటి ఏడాది నుంచి కొత్త వెర్షన్లన్నీ చందా పద్ధతికి మార్చేసినారు. సీఎస్6 కొన్నవాళ్ల లైసెన్స్‌ను ఎవరూ గుంజుకోలేదు, కొత్తది మాత్రం దొరకదు. ఆఫీస్ 2019 కూడా ఒకసారి కొంటే అయిపోయేదే. 2025 అక్టోబర్ 14తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయినాయి. తెరుచుకుంటుంది, పనిచేస్తుంది, కాపలా మాత్రం లేదు. లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వాడే షాపులనే చూడు. లైసెన్స్ ఎప్పటికీ వాళ్లదే, కొత్త రిలీజ్ కావాలంటే ఏడాదేడాది రెన్యూవల్ కట్టాల్సిందే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పాత రిలీజ్ పెట్టుకున్నోళ్లకు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

అందుకే లెక్క ఇట్లా వెయ్యి. ఆ 9,500 రెండు మాఘమాసాల పెళ్లి పనుల్లో తిరిగొస్తుందా? వస్తుందనుకుంటే కొను. ఆ తర్వాత ఎన్నేళ్లు పనిచేసినా లాభమే. పదేళ్లు నడిస్తేనే గిట్టుబాటు అనిపిస్తే ఆ డబ్బుతో ఇంకో హార్డ్ డిస్క్ కొనుక్కో.

కొనేముందు వాళ్లను కొన్ని అడుగు. ఫోన్లో కాదు, మెసేజ్‌లో అడుగు, జవాబు రాతలో ఉండాల. తర్వాత వచ్చే వెర్షన్లు కూడా ఇందులోనేనా, ఈ ఒక్కదానికేనా? కంప్యూటర్ మారిస్తే లైసెన్స్ కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చా, ఎన్నిసార్లు? తెరిచిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో వాళ్ల సర్వర్‌ను అడిగి వస్తుందా? ఈ చివరిది ముఖ్యం. సర్వర్ ఆపేసిన రోజున నీ లైసెన్స్ కీ ఉత్త అంకెలే. అదే నెట్ లేకుండా నడిచేదైతే, కంపెనీ మూసేసినా నీ పాత కంప్యూటర్లో నడుస్తూనే ఉంటుంది. ఇక లైఫ్‌టైమ్ స్టోరేజ్ అని కూడా అంటే, అది లెక్కలోకే తీసుకోవద్దు. ఫోటోలు దాచడానికి వాళ్లకు నెలనెలా ఖర్చవుతుంది, నువ్వు ఒకసారి ఇచ్చిన డబ్బు ఎన్నాళ్లు సరిపోతుంది?

ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు అమ్మే విండోస్ కీల జోలికి పోవద్దు. వాటిలో చాలావరకు పెద్ద ఆఫీసుల కోసం ఇచ్చిన కీలే, మైక్రోసాఫ్ట్ ఎప్పుడైనా బ్లాక్ చేయొచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చే విండోస్ కూడా మామూలుగా ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది, గుర్తుపెట్టుకో.

బిల్లు షాపు పేరు మీద జీఎస్టీతో తీసుకుని ఫోటో తీసి, నీకు నువ్వే మెయిల్ పెట్టుకో. ఇన్‌స్టాల్ ఫైల్‌ను రెండు చోట్ల దాచు. ఇంకోటి, చేసిన ప్రతి ఆల్బమ్‌నూ ఆ సాఫ్ట్‌వేర్ ఫైల్‌గానే కాదు, జేపీజీ, పీడీఎఫ్ కూడా తీసి పెట్టు. పేజీలు కట్టే పాత అడోబీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో నేను కట్టిన శుభలేఖలు వందల్లో ఉన్నాయి. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో ఆ ఫైళ్లను తెరిచే చివరి వెర్షన్ సీఎస్6. పోయినేడు ఒకాయన తన పెళ్లి పత్రిక డిజైన్‌లోనే కూతురిది కూడా కావాలని వచ్చినాడు. పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ దుమ్ము దులిపి తెరిస్తే గాని దొరకలేదు.

ఆఫర్ ఈ రాత్రి 12కు అయిపోతుందని భయపడకు. రేపు పొద్దున మళ్లీ తెరిచి చూడు, ఇదే రేటు ఉంటే ఫోన్ చెయ్యి. ఆదివారం నేనే ఆదోని వస్తా, కూర్చుని ఆ షరతులు కలిసి చదువుదాం.

మీ మామ
కర్నూలు