టైల్ కోసే మిషన్ కొనబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

బాత్రూమ్ టైల్స్ నువ్వే వేసుకుంటానని, అందుకు నీళ్లతో కోసే మిషన్ ఒకటి చవకలో వెతుకుతున్నానని రాశావు. వెతుకు. చవక మిషన్‌తో చక్కటి పని చేసినవాళ్లని చూశాను, ఖరీదైనదానితో డబ్బాలకు డబ్బాలు టైల్స్ పాడుచేసినవాళ్లనీ చూశాను. చవక దానిలో లోపాలు ఎలాగూ ఉంటాయి. వాటిలో మనం సర్దుకోగలిగేవి కొన్ని, ఎంత చేసినా సర్దుకోలేనివి కొన్ని. కొనేటప్పుడు ఈ రెండో రకం లేకుండా చూసుకుంటే చాలు. మొదటి రకం సంగతి ఇంటికి తెచ్చుకున్నాక చూసుకోవచ్చు.

అసలు మిషన్ మీద ఎంత పని పడుతుందో ముందు లెక్కేసుకో. మామూలు సెరామిక్ టైల్‌ని తిన్నగా రెండు ముక్కలు చెయ్యడానికి గీత పెట్టి విరిచే చేతి కట్టర్ చాలు. నిమిషంలో అయిపోతుంది, నీళ్లు చిమ్మవు, చెవులు హోరెత్తవు. మిషన్ కావాల్సింది ఎల్ ఆకారపు కోతలకి, రెండు మూడు సెంటీమీటర్ల సన్నటి పట్టీలకి, రాతి పలకలకి, విరిస్తే ఇష్టమొచ్చినట్టు పగిలే మందపాటి విట్రిఫైడ్ టైల్స్‌కి. ఒక్క బాత్రూమే కాబట్టి పెద్ద మిషన్ అద్దెకి తెచ్చుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అద్దె గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి తొందరపడుతుంది. నీకు సొంతంగా చిన్నది ఉండటమే మేలని నా ఉద్దేశం.

చవకలో మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి చేత్తో పట్టుకునే మార్బుల్ కట్టర్. దాని 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. రెండోది చిన్న బల్లలా ఉండి, 180 మిల్లీమీటర్ల బ్లేడు కింద నీళ్ల ట్రేలో మునిగి, పైన కొంత బయటికి కనిపించేది. ఇది సుమారు 2,900 చుట్లే తిరుగుతుంది. బ్లేడు అంచు వేగం లెక్కగడితే మార్బుల్ కట్టర్‌ది దీనికి రెండున్నర రెట్లు. అందుకే అది చురుగ్గా కోస్తుంది, అందుకే కొత్తవాళ్ల చేతిలో భయం కూడా. మూడోది బ్లేడు పైన ఉండి, మోటరో టైల్ పెట్టిన బల్లో పట్టాల మీద జరిగేది, పంపుతో నీళ్లు వచ్చేది. మంచిది దొరికితే దీన్ని మించింది లేదు. కానీ చవక రకంలో ఆ పట్టాలే ఊగుతాయి, కోత వంకర పోతుంది. నువ్వు రెండో రకం తీసుకో. జరిగే భాగాలు తక్కువ, చెడేవీ తక్కువే.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన వాట్లు చూసి మోసపోకు. మిషన్‌కి అతికించిన ప్లేట్ చదువు. అక్కడ ఎస్2 10 నిమిషాలు అని ఉండవచ్చు. ఆ మోటర్‌ని పూర్తి లోడు మీద పది నిమిషాలు నడిపి, తర్వాత బాగా చల్లారనివ్వాలని దాని అర్థం. అలాంటిది కొనకూడదని అనను. ఒక కోత కోసి, టైల్ గోడకి ఆనించి చూసుకుని, ఇంకో కోతకి వచ్చే నీలాంటి వాళ్లకి అది సరిపోతుంది. రోజంతా ఆపకుండా కోసే మేస్త్రీకి సరిపోదు. ఎస్1 అని ఉంటే నిరంతరం నడిపినా తట్టుకునే మోటర్ అన్నమాట.

ఇప్పుడు సర్దుకోలేని లోపాలు. ప్లగ్ పీకి ఉందని రూఢి చేసుకుని, బ్లేడుని చేత్తో నెమ్మదిగా తిప్పు. దాని అంచు పక్కన పెన్సిల్ మొన కదలకుండా పట్టుకుని చూడు. ఒక చోట దగ్గరికి, ఒక చోట దూరంగా జరుగుతుంటే బ్లేడు వంకరో, బ్లేడుని తిప్పే ఇరుసు, అదే షాఫ్టు, వంకరో. బ్లేడు మార్చి మళ్లీ చూడు. అప్పుడూ అలాగే ఉంటే ఆ మిషన్ వదిలెయ్. షాఫ్టుని పైకీ కిందికీ కదిపితే ఆడకూడదు. బల్ల మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే కింద వెలుతురు కనిపించకూడదు. కొన్నింటిలో బల్ల పల్చటి రేకు, చేత్తో నొక్కితేనే కుంగుతుంది. కోసేటప్పుడు టైల్ కూడా దాంతోపాటే కుంగి విరుగుతుంది. నీళ్లు మోటర్ వైపు కారే దారి ఉన్నా వద్దు. ఎర్తింగ్ పిన్ను లేకుండా ఇనుప బాడీతో వచ్చే మిషన్ అయితే ఊరికే ఇచ్చినా వద్దు. కార్బన్ బ్రష్‌ల మోటర్ అయితే, వాడుతున్నకొద్దీ అరిగే ఆ ముక్కలు విడిగా దొరుకుతాయా అని ఒక్క మాట అడుగు.

సర్దుకోగలిగినవాటిలో మొదటిది గైడ్ పట్టీ. అదే, టైల్‌ని ఆనించి తోసేది. చవక మిషన్లలో ఇది రెండు చివర్లా మరలతో బిగించే రకం. చూడటానికి తిన్నగా ఉన్నట్టే ఉంటుంది, కానీ ఒక చివర బ్లేడుకి దగ్గరగా ఉండిపోతుంది. అప్పుడు టైల్ బ్లేడుకీ గైడ్‌కీ మధ్య ఇరుక్కుని అంచు పెచ్చులుగా ఊడుతుంది, ఒక్కోసారి టైలే ఎగిరి వెనక్కి వస్తుంది. బ్లేడు అంచు మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టు. చుక్క ముందు వైపు ఉన్నప్పుడు గైడ్‌కి ఎంత దూరమో కొలువు. బ్లేడు తిప్పి చుక్కని వెనక వైపుకి తెచ్చి మళ్లీ కొలువు. రెండూ ఒకటయ్యే దాకా మరలు సర్దు. రెండు సార్లూ ఆ చుక్క దగ్గరే ఎందుకంటే, బ్లేడులో కొద్దిపాటి వంకర ఉన్నా కొలతలోకి రాదు. గైడ్ జరిపిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చెయ్యాల్సిందే. మిషన్ మీదే అచ్చు వేసిన స్కేలుని నమ్మకు. అడ్డకోతకి వాడే కోణం పట్టీని మూలమట్టంతో చూసుకో.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైంది, బ్లేడు. మిషన్‌తో పాటు వచ్చే బ్లేడు ప్రాక్టీస్‌కి వాడి పక్కన పెట్టు. మిషన్‌లో మిగిలిన డబ్బు మంచి బ్లేడు మీద పెట్టు. టైల్‌కి అంచు ఎక్కడా గాడి లేకుండా చుట్టూ ఒకటే పట్టీలా ఉన్న డైమండ్ బ్లేడు కావాలి. గాడులు ఉన్నది కాంక్రీటుకి, ఇటుకకి. టైల్ మీద పెడితే గ్లేజ్, అదే పైనున్న నున్నటి పూత, పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంచు మీద వాలుగా గీతలుండే టర్బో బ్లేడు త్వరగా కోస్తుంది గానీ అంచు అంత నున్నగా రాదు. నీ టైల్ విట్రిఫైడ్ కాబట్టి బ్లేడు మీద విట్రిఫైడ్‌కి లేదా పోర్సిలిన్‌కి అని రాసి ఉండాలి. మోటర్ చిన్నది కాబట్టి అంచు పల్చగా ఉన్నది చూడు. పల్చటి బ్లేడు తక్కువ మట్టిని అరగదీయాలి, మోటర్‌కి ఆ మేరకు బరువు తగ్గుతుంది. మధ్య రంధ్రం నీ షాఫ్టుకి సరిపోవాలి. 22.2 మిల్లీమీటర్లది, 25.4 మిల్లీమీటర్లది చూపుకి ఒకేలా ఉంటాయి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు మిషన్ చుట్లకంటే ఎక్కువే ఉండాలి. దాని మీద బాణం గుర్తు మిషన్ తిరిగే వైపే ఉండాలి.

కొన్నాళ్లకి బ్లేడు మొద్దుబారినట్టు అనిపిస్తుంది. పారెయ్యకు. ఆ బ్లేడు అంచు లోహంలో వజ్రపు రేణువులు కలిపి చేసింది. కోస్తున్నకొద్దీ లోహం అరిగి కొత్త రేణువులు పైకి తేలాలి. విట్రిఫైడ్ బాగా గట్టిది, నున్ననిది. అది లోహాన్ని తగినంత అరగదీయదు. రేణువులు మొండిబారి లోహం మెరుగెక్కుతుంది, కోత ఆగుతుంది, మనం ఇంకా బలంగా తోస్తాం, అంచు పాడవుతుంది. గరుకైన మెత్తటి ఇటుక ముక్కనో, బ్లేడుకి పదును తేవడానికే అమ్మే రాయినో నీళ్లు పెట్టి నాలుగైదు సార్లు కోస్తే లోహం అరిగి రేణువులు మళ్లీ బయటపడతాయి. నునుపెక్కిన తిరగలికి గంట్లు కొట్టించినట్టే ఇది.

మూడోది బల్ల చిన్నది కావడం. 60 సెంటీమీటర్ల టైల్ దాని మీద సగమే ఆనుతుంది. బల్ల ఎత్తుకి సరిగ్గా వచ్చేలా పక్కనా, వెనకా చెక్కలు పేర్చు. కోత పూర్తయ్యే క్షణంలో ఊడిపడే ముక్కకి కింద ఆధారం లేకపోతే మూల విరిగిపోతుంది. 60×120 పలకల్ని మాత్రం ఈ బల్ల మీద పెట్టాలని చూడకు. వాటికి తిన్నటి పట్టీ బిగించి మార్బుల్ కట్టర్ నడపడమే దారి, అది చేయి తిరిగినవాళ్లకి వదిలెయ్.

నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉన్నాయని ఒక్క క్షణం కూడా మరవకు. మిషన్‌కి వచ్చే లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ తెంపేసే స్విచ్, ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. వైరు ప్లగ్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా పెట్టు. వైరు వెంట జారిన నీళ్లు ప్లగ్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే నేల మీదికి కారిపోతాయి. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు పెట్టుకో. జడ ముడేసుకో, చొక్కా చేతులు పైకి మడుచుకో. వదులు గుడ్డ గ్లౌజులు వద్దు, తిరిగే బ్లేడు దారం పట్టుకుంటే చెయ్యి కూడా లాగేస్తుంది. బ్లేడు మీది మూతని, కనబడట్లేదని తీసెయ్యకు.

ఇక కోత. టైల్ మొహం పైకి పెట్టు. ఈ రకం మిషన్‌లో బ్లేడు మన వైపు నుంచి కిందికి దిగుతూ కోస్తుంది, పెచ్చులు లేచేది వెనక వైపే. పెన్సిల్ గీత నీళ్లకి చెరిగిపోతుంది, మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయి. గ్లేజ్ కూడా కొంత నిలుస్తుంది. బ్లేడు సుమారు రెండు మిల్లీమీటర్లు తినేస్తుంది కాబట్టి గీతకి పారేసే ముక్క వైపే బ్లేడు నడవాలి. మోటర్ పూర్తి వేగం అందుకున్నాక టైల్ తాకించు. మొదటి సెంటీమీటరు, చివరి రెండు సెంటీమీటర్లు అతి నెమ్మది. మధ్యలో ఎంత తొయ్యాలో మోటర్ చప్పుడే చెబుతుంది. గొంతు తగ్గిందంటే నువ్వు ఎక్కువ తోస్తున్నావు. అలా తోస్తే పల్చటి బ్లేడు వంగి గీత వంకర పోతుంది. చివరి మూల విరుగుతుందని అనుమానం ఉంటే, ముందు టైల్‌ని తిప్పి అటు చివర నుంచి మూడు సెంటీమీటర్లు కోసి, తర్వాత ఇటు నుంచి వచ్చి కలుపు. వేళ్ల మధ్య పట్టుకోవాల్సినంత చిన్న ముక్కని బ్లేడు దగ్గరికి తీసుకెళ్లకు. చిన్నది కావాలంటే పెద్ద టైల్ నుంచే కోసుకో, చివరికి చెక్కతో తొయ్యి.

ఎల్ కోత దగ్గరే చాలామంది టైల్స్ పోగొట్టుకుంటారు. బ్లేడు గుండ్రం కాబట్టి టైల్ పై వైపు కోత ఒక చోట ఆగితే, కింద వైపు ఇంకా ముందుకి వెళ్లి ఉంటుంది. నీ మిషన్‌లో బ్లేడు కింది నుంచి వస్తుంది కనుక మొహం మీద గీతలు మూలలో కలిసే చోట ఆపు. వెనక కొంచెం ఎక్కువ కోసుకుపోయినా సిమెంటులో దాగిపోతుంది. బ్లేడు పైన ఉండే మిషన్లలో ఇది తలకిందులు. విట్రిఫైడ్‌లో లోపలి మూల నుంచి పగులు పాకుతుంది. ముందుగా ఆ మూలలో ఆరు మిల్లీమీటర్ల డైమండ్ బిట్‌తో రంధ్రం చేసి, కోతలు ఆ రంధ్రంలోకి తెచ్చి ఆపు. మూల గుండ్రంగా ఉంటే ఒత్తిడి ఒక్క చోటే చేరదు. పైపు పక్కన యు ఆకారం కావాలంటే దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా కోతలు పెట్టి, పుల్లల్ని నిప్పర్‌తో, అదే టైల్ కొరికే పటకారుతో, విరిచి, అంచుని డైమండ్ ప్యాడ్‌తో రుద్దు.

నీళ్లు ఉన్నాయి కదా, దుమ్ము లేదనుకోకు. టైల్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌ని పూర్తిగా నయం చేసే మందు లేదు. నీళ్లు చాలా వరకు ఆపుతాయి గానీ ఎగిరే తుంపరలో కొంత ఉంటుంది. ఎన్95 మాస్క్ పెట్టుకో, గాలి ఆడే చోట కోయి. ట్రేలో నీళ్లు తెల్లగా చిక్కబడగానే మార్చు. చిక్కటి నీళ్లు బ్లేడుని చల్లార్చవు, పాలరాయి లాంటివాటికి మరక కూడా పట్టిస్తాయి. ఆ బురదని డ్రైనేజీలో పొయ్యకు, పైపులో పేరుకుపోతుంది. బకెట్‌లో తేరనిచ్చి, పై నీళ్లు వంపేసి, అడుగుది తడిగా ఉండగానే సంచిలో కట్టి శిథిలాలతో పాటు పంపించు. నేల మీద చిమ్మింది ఆరి పొడి కాకముందే తుడిచెయ్, ఆరాక చీపురు పడితే అంతా గాల్లోకే లేస్తుంది. సాయంత్రం ట్రే కడిగి, బ్లేడు విప్పి తుడిచి, షాఫ్టుకి చుక్క నూనె రాయి.

కొనే ముందు ఆ మోటర్ ప్లేట్ ఫోటో తీసి నాకు పంపు. టైల్స్ లెక్క కంటే కొన్ని ఎక్కువే తెచ్చుకో.

మీ మావయ్య