వెన్నెముకకు క్యాన్సర్ ఆపరేషన్: పొలం ఇప్పుడే అమ్మాలా?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మకు 71 ఏళ్లు. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేయించాం. నెల రోజులుగా వీపులో నొప్పి, నాలుగు రోజులుగా నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయి. క్యాన్సర్ వెన్నుపూసకు పాకి వెన్నుపామును నొక్కుతోందని ఎంఆర్‌ఐలో తేలింది. విజయవాడ సూర్యారావుపేటలోని ఓ ఆస్పత్రిలో వెంటనే ఆపరేషన్ అన్నారు. దానికి 3.40 లక్షలు, స్క్రూలు, రాడ్లకు 1.30 లక్షలు. తర్వాత రేడియేషన్ ఉంటుందట. అమ్మకు ఆరేళ్లుగా 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. గది అద్దె పరిమితి రోజుకు 5,000, రెన్యువల్ ఇంకో రెండు నెలల్లో. ఎఫ్‌డీ 3 లక్షలు, బంగారం 120 గ్రాములు ఉన్నాయి. సత్తెనపల్లి దగ్గర అమ్మ పేరున ఎకరం పొలం ఉంది. తెలిసినాయన ఈ వారమే కొంటానంటున్నారు. ఇచ్చేయమంటారా?

జవాబు: పొలం ఇప్పుడు అమ్మకండి. ఆపరేషన్ మాత్రం డబ్బు కోసం ఒక్క రోజు కూడా ఆపకండి. మీ ఉత్తరం అందిన రోజే జవాబిస్తున్నది అందుకే.

వెన్నుపాము మీద ఒత్తిడి పడినప్పుడు, ఆపరేషన్ నాటికి నడవగలుగుతున్నవాళ్లకే తర్వాత నడక నిలిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం చాలా కష్టం. 2005లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో ఆపరేషన్, ఆపైన రేడియేషన్ రెండూ అందినవాళ్లలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 57 శాతం. ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. మనిషి మంచాన పడితే ఆయా జీతం, క్యాథెటర్లు, వాటర్ బెడ్, పుండ్లకు డ్రెస్సింగ్ నెలనెలా వచ్చే ఖర్చులు. పాలసీ వీటిలో చాలావాటికి పైసా ఇవ్వదు.

అయితే ఈ ఆపరేషన్ క్యాన్సర్‌ను పోగొట్టేది కాదు. నొప్పి తగ్గించి, నడక నిలబెట్టేది. కాబట్టి సర్జన్‌ను, క్యాన్సర్ డాక్టర్‌ను ఇద్దరినీ ఈ రోజే అడగండి: అమ్మగారి ఒంటి పరిస్థితికి ఈ ఆపరేషన్ తగునా? మామూలుగా కనీసం మూడు నెలల ఆయుష్షు ఆశించగలిగితేనే ఇంత పెద్ద ఆపరేషన్‌కు వెళతారు. వెన్నుపూస నిలకడ ఎలా ఉంది? దీన్ని సిన్స్ స్కోరుతో చెబుతారు, 13 నుంచి 18 మధ్య ఉంటే నిలకడ లేనట్టే. అలాంటప్పుడు రేడియేషన్ ఒక్కటే చాలదు, స్క్రూలు కావాల్సిందే. ఇంకో మాట వినాలనిపిస్తే ఎంఆర్‌ఐ సీడీ, పాత బయాప్సీ కాగితాలు పట్టుకుని మంగళగిరి ఎయిమ్స్‌కో, గుంటూరు ప్రభుత్వాస్పత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కో ఈ రోజే వెళ్లండి. వారం రోజులు తిరిగే పని పెట్టుకోకండి.

ఇక పాలసీ. ఎక్కువమంది నష్టపోయేది గది దగ్గరే. మీ పరిమితి 5,000. ‘అమ్మకు సౌకర్యంగా ఉంటుంద’ని 8,000 గది తీసుకున్నారనుకోండి. తేడా 3,000 చొప్పున ఎనిమిది రోజులకు 24,000 మీదే. అంతటితో ఆగదు. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు కలిపి 2 లక్షలైతే, కంపెనీ ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన 1.25 లక్షలే ఇస్తుంది. 75,000 మీ నెత్తిన పడుతుంది. గది ఒక్కదానివల్ల దాదాపు లక్ష! మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ చార్జీలకు మాత్రం ఈ కోత వర్తించదు. 5,000 లోపు గదే రాయించుకోండి. ‘ఖాళీ లేదు, పై గది తీసుకోండి’ అంటే, 5,000 గది రేటుకే బిల్లు వేస్తామని రాసిమ్మనండి.

రెండోది, పాలసీ కాగితాల్లో ‘ఆధునిక చికిత్సలు’ అన్న పేజీ తీయండి. ఆపరేషన్ జరుగుతుండగా నరాల పనితీరు చూసే ఐఓఎన్ఎం, కణితికే గురిపెట్టి ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్, క్యాన్సర్ మాత్రలు, మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజక్షన్లు ఆ జాబితాలోకే వస్తాయి. వీటికి కొన్ని కంపెనీలు విడిగా పరిమితి పెడతాయి. మీ అమ్మగారికి ఈ నాలుగూ అవసరపడొచ్చు కాబట్టి ఒక్కోదానికి ఎంతవరకు ఇస్తారో కంపెనీ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున నిలవదు.

ఇంప్లాంట్ల బిల్లుతో పాటు ఒక్కో స్క్రూ, రాడ్ ప్యాకెట్ మీది స్టిక్కర్ కూడా ఫైల్లో ఉండాలి. అవి లేక ఆగిపోయే క్లెయిములు చాలా. కార్బన్ ఫైబర్ స్క్రూలు పెడతామంటే ఎందుకో అడగండి. వాటితో తర్వాతి స్కాన్లు, రేడియేషన్ ప్లానింగ్ స్పష్టంగా వస్తాయి, ధర మాత్రం బాగా ఎక్కువ. టైటానియం చాలని డాక్టరే అంటే దానికి మించి ఖర్చు పెట్టనక్కర్లేదు.

గది పరిమితి దాటకపోతే 4.70 లక్షల్లో చాలా భాగం పాలసీలోనే వచ్చేస్తుంది. గ్లవ్స్ లాంటి, పాలసీ ఇవ్వని ఐటమ్స్ ఖర్చు మీది. అయితే ఐదు లక్షలు దాదాపు అయిపోతాయి. రేడియేషన్ సాధారణంగా పుండు మానాక, రెండు మూడు వారాలకు మొదలవుతుంది. అంటే మీ రెన్యువల్‌కు ముందే. ‘కొత్త పాలసీ ఏడాది వచ్చాక చేయిద్దాం’ అని దాన్ని వాయిదా వేయకండి. మిగిలిన కణితి మళ్లీ పెరిగి నరాన్ని నొక్కితే ఆపరేషన్ ఖర్చంతా వృథా. పాలసీలో రీస్టోర్ (అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే) సదుపాయం ఉంటే అదే జబ్బుకు వర్తిస్తుందో లేదో చూడండి, కొన్నిటిలో వర్తించదు.

ఈ మధ్యలోని ఖాళీకే ఆయుష్మాన్ వయ వందన కార్డు. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షలు, ప్రైవేటు పాలసీ ఉన్నా అర్హులే. ఆధార్‌తో ఇప్పుడే నమోదు చేయించండి. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కూడా చూడండి. రేడియేషన్‌కు ఏ ఆస్పత్రి వీటి కింద చేర్చుకుంటుందో 104కు ఫోన్ చేసి కనుక్కోండి. కార్డు మీద చేరాక ఆ ప్యాకేజీకి విడిగా డబ్బు వసూలు చేయకూడదు.

చేతి డబ్బుకు వస్తే, ఆస్పత్రి అడ్వాన్సుకు ముందు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. క్యాష్‌లెస్ అప్రూవలై అడ్వాన్స్ వెనక్కి వస్తే కట్టేయొచ్చు, డిపాజిట్ చెదరదు. రేడియేషన్‌కు, ఎముకలు గట్టిపడటానికి ఇచ్చే ఇంజక్షన్లకు, ఫిజియోథెరపీకి అవసరమైతే బ్యాంకులో బంగారం కుదువ పెట్టండి. ఆ ఇంజక్షన్లకు ముందు పళ్ల డాక్టర్‌కు చూపించడం మరవకండి, దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు చేయకండి. బంధువులిచ్చేది కూడా బ్యాంకు ద్వారానే తీసుకోండి: 20,000 అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు. ఆస్పత్రి కూడా 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు.

డిశ్చార్జి తర్వాతి మందులు, స్కాన్ల బిల్లులు పాలసీని బట్టి 60 లేదా 90 రోజుల వరకు క్లెయిమ్ అవుతాయి. ప్రతి బిల్లుకూ ఆ తేదీ డాక్టర్ చీటీ జత చేయండి. రెన్యువల్ ప్రీమియం గడువుకు వారం ముందే కట్టేయండి. క్లెయిమ్ తీసుకున్నారని రెన్యువల్ నిరాకరించే హక్కు కంపెనీకి లేదు, కానీ గ్రేస్ పీరియడ్‌లో (గడువు దాటాక ప్రీమియం కట్టడానికి ఇచ్చే రోజుల్లో) వచ్చిన ఖర్చుకు వార్షిక పాలసీ కవర్ ఇవ్వదు.

పొలం గురించి ఒక్క మాట. అవసరం చూసి వచ్చిన కొనుగోలుదారు అవసరానికి తగ్గ ధరే చెబుతాడు. పైగా చేతికొచ్చేది బయానా, మిగతాది రిజిస్ట్రేషన్ రోజున. ఆ డబ్బు ఈ వారం ఆపరేషన్‌కు అందదు. మూడు నెలల తర్వాత మందుల ఖర్చు తేలాక కూడా అమ్మక తప్పదనిపిస్తే, అప్పుడు నలుగురితో బేరం ఆడండి. అమ్మగారు కదల్లేకపోతే సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికే రమ్మని దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. ఎఫ్‌డీ ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. అమ్మగారి ఒక్కరి పేరునే ఉంటే, ఆపరేషన్‌కు ముందే ఆవిడ సంతకంతో మీ పేరు చేర్పించి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు తీసుకునే) ఖాతాగా మార్పించండి.