తాతను బ్రో అంటె ఊకోవాల్నా?

ప్రశ్న: మా మనుమడు ఏడో తరగతి. తాతను పట్టుకొని 'బ్రో' అంటడు. టైం ఎంతయ్యిందిరా అని అడిగితె 'సిక్స్ సెవెన్' అనుకుంట రెండు చేతులు కిందికి మీదికి ఊపుతడు. కొడుకు, కోడలు చూసి నవ్వుతరు. నాకైతె ఒళ్లు మండుతది. ఊకోవాల్నా, తిట్టాల్నా?
– ఒక నాయనమ్మ, కాజీపేట

జవాబు: అమ్మా, ఈ రెండిట్ని ఒక్క గాటన కట్టకుండ్రి. సిక్స్ సెవెన్ అనేది 2024 చివర్ల అమెరికాల ఒక ర్యాపర్ పాటలకెల్లి వచ్చింది, ఆడికెల్లి బాస్కెట్‌బాల్ వీడియోలల్లకు పోయి, వాటినుంచి మన పిల్లల ఫోన్లల్లకు దిగింది, 2025ల డిక్షనరీ డాట్ కామ్ వాళ్లు దాన్నే ఆ ఏడాది మాటగ ఎంచిండ్రు. దానికి పెద్ద అర్థమేం లేదు. పెద్దోళ్లు అర్థం అడగాలె, తెల్వక చిరాకు పడాలె, అదే వాళ్లకు మజా. మీరు పట్టించుకోకుంటె ఆ ఆట ఆన్నే సల్లవడ్తది.

తాతను బ్రో అనుడు మాత్రం వేరే ముచ్చట, దానికి ఊకోవద్దు. తాత, బాపు, కాక, పెదనాయిన, మేనమామ, బావ అని ఒక్కొక్కలకు ఒక్కో పిలుపున్న ఇల్లు మనది, పిలుపుతోనే ఎవరితోని ఎట్లుండాల్నో పిల్లలకు తెలుస్తది. చుట్టాల ముందట గాకుండ, ఇంట్ల ఒక్కన్నే కూసుండవెట్టుకొని 'తాతను తాత అనాలె బిడ్డా' అని సక్కగ చెప్పుండ్రి, కోపం లేకుండ, నవ్వు సుత లేకుండ. కొడుకు, కోడలికి కూడ చెప్పుండ్రి. వాళ్లు నవ్వినన్ని రోజులు వాడు మానడు.

ప్రశ్న: మా ఆయన కొడుకుతోని 'చిల్ బ్రో', 'వాట్సప్ బ్రో' అనే మాట్లాడుతడు, ఫ్రెండ్లీగ ఉంటె తప్పేంది అంటడు. మా అపార్ట్‌మెంట్ల తల్లులు సుత అంతే, ప్రతి మాటకు 'లిటరల్లీ', పిల్లలను 'కిడ్డో' అనుడు, వాట్సాప్ గ్రూప్ తెరిస్తె 'మామ్ లైఫ్' అని ఫోటోలు. నాకే ఇంత చిరాకు ఎందుకు వస్తుందో అర్థమైతలేదు.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చెల్లే, నాకు సుత పిల్లల కంటె తల్లిదండ్రుల మీదనే ఎక్కువ కోపమొస్తది, దాపెట్టుకునేదేం లేదు. పిల్లలు కొత్త మాటలు పట్టుకొస్తరు, అది వాళ్ల వయసు. నీ కొడుకుకు క్లాస్ నిండ బ్రోలే ఉన్నరు. బాపు ఒక్కడే ఉన్నడు, ఆ ఒక్కడు సుత బ్రో అయితె ఇగ ఎవరికి చెప్పుకోవాలె?

ఒక సంగతి చూడు. పిల్లగాడు లెక్కల పరీక్ష రాసి వచ్చిండు, బ్యాగ్ దించలే, బూట్లు ఇప్పలే, సోఫా అంచుకు కూసుండి కాలితోని నేల గీక్కుంట ఉన్నడు. తండ్రి తలకాయ లేపి 'చిల్ బ్రో' అని మళ్ల ఫోన్ల వడ్డడు. మాట ప్రేమగనే అన్నడు గానీ ఆ రెండు మాటలతోనే ముచ్చట బంద్ అయ్యింది. 'ఏమైంది బిడ్డా, ఏ లెక్క రాలే?' అని అడిగి పక్కపొంటి కూసుంటె వాడే కాగితం తీసి చూపిస్తుండె. ఫ్రెండ్లీ అంటె పిల్లలు మాట్లాడినట్టు మాట్లాడుడు కాదు, వాళ్లు చెప్పేది ఇనుడు. ఇంకోటి, పిల్లల స్లాంగ్ వాళ్ల గుంపుకు గుర్తు, పెద్దోళ్లు అందుకున్నంక అది వాళ్లకు చేదయితది, పదమూడేండ్ల పోరని ముందట తండ్రి 'రిజ్' (ఎదుటోళ్లను ఆకట్టుకునే స్టైల్) అంటె వాని మొఖం చూడు, తెలుస్తది. ఈ జవాబు మీ ఆయనకు సదివి వినిపించు, నా మాటగనే చెప్పు.

గ్రూప్ సంగతి ఇడిసిపెట్టు, మ్యూట్‌ల పెట్టుకో.

ప్రశ్న: నేను తెలుగు చెప్త. క్లాస్ల ఎటు చూసినా 'స్కిబిడి', 'సిగ్మా', 'క్రింజ్' అని ఇంటర్నెట్ మాటలే. మా స్టాఫ్‌రూంల కొందరు ఫైన్ వెయ్యాలంటున్నరు. మీరేమంటరు?
– ఒక ఉపాధ్యాయుడు, నర్సంపేట

జవాబు: వద్దు సార్. మనం మాట్లాడే మాటనే తప్పని, మోటని ఎన్నేండ్లు అన్నరో మనకు యాదున్నది. బడిల ఇంటి మాట మాట్లాడితె నవ్విండ్రు, సినిమాలల్ల మన యాసను రౌడీలకు, నవ్వించెటోళ్లకు పెట్టిండ్రు. దాని మీద జీవితమంత కొట్లాడిన మనిషి మన ఓరుగల్లు కాళోజీ, ఆయన పుట్టిన సెప్టెంబర్ 9నే 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నం. గంత అనుభవించిన మనం పిల్లల నోట్లె మాటకు పైసలు వసూలు చేసుడు నాకు మనసొప్పదు. పైంగ స్కిబిడిని 2025ల కేంబ్రిడ్జ్ డిక్షనరీల సుత ఎక్కిచ్చిండ్రు, మీరు ఫైన్ వేస్తె పోయేది కాదది.

గానీ మీ కోపంల నిజమున్నది. సిగ్గయినా క్రింజే, రోత పుట్టినా క్రింజే, ఎవరన్నా గొప్పలు చెప్పుకున్నా క్రింజే అంటె, వాడు ఏం అనుకుంటున్నడో వానికే తేల్చుకోరాదు. అందుకని క్లాస్ల ఆ మాట వినవడ్డప్పుడల్ల ఆపి, 'సరే, ఏమనిపించింది, ఆ మాట లేకుండ రెండు వాక్యాలు చెప్పు' అనుండ్రి. సిగ్గయ్యిందా, రోత పుట్టిందా, చూడలేకపోయినవా? మొదలు నసుగుతరు, తర్వాత పక్కోడు అందిస్తడు, మెల్లగ క్లాస్ క్లాసే మాటలు ఎతుకుతది. 2018 తెలంగాణ చట్టంతోని అన్ని బోర్డుల బడులల్ల తెలుగు తప్పనిసరి చేసిండ్రు, మంచిదే, కానీ చట్టం పీరియడ్ ఇస్తది గంతే, ఆ పీరియడ్ల పిల్లగానితోని నోరిప్పిచ్చేది మీరే.

ప్రశ్న: పెద్దోళ్లు 'కిరాక్', 'ఖతర్నాక్', 'లైట్ తీస్కో' అంటరు, అవి స్లాంగ్ కాదా? మేం అంటెనే తప్పా?
– తొమ్మిదో తరగతి, కరీంనగర్

జవాబు: నువ్వన్నది కరెక్టే బిడ్డా, అవి సుత స్లాంగే, మా పెద్దోళ్లు సుత వాటికి మమ్ముల తిట్టిండ్రు. ఒక్కటే అడుగుత. అమ్మమ్మ ఫోన్ చేసి హాస్టల్ల బువ్వ ఎట్లున్నది బిడ్డా అంటె 'మిడ్' (అంతంతే) అని పెట్టెయ్యకు. పప్పుల ఉప్పు తక్కువున్నదా, అన్నం మెత్తగయ్యిందా, రెండోసారి వెయ్యమంటె వేస్తున్నరా, ఆమెకు ఇవన్నీ కావాలె, అవి చెప్పు. దోస్తులతోని ఎట్లన్నా మాట్లాడుకో, దానికి మేం అడ్డం రాం.