జనాభా చదువు ఏం చదువు అంటున్న నాన్నగారికి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసింది. ముంబైలో జనాభా అధ్యయనంలో ఎంఏ చేస్తానంటోంది. జనం పెరగడం వల్లే పేదరికమని అందరికీ తెలిసిందే, దానికి రెండేళ్ల చదువెందుకు? ఇంత జనంలో ఉద్యోగాలే కరువు. డేటా సైన్స్ మేలు కదా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: కోర్సు పేరు మారుతుందే గానీ ఈ ఉత్తరం నాకు ఏటా వేసవిలో వస్తూనే ఉంటుంది. ఇంతమందిలో నా బిడ్డకు చోటు దొరుకుతుందా అన్నదే మీ బెంగ. దొరుకుతుంది. కానీ "అందరికీ తెలిసిందే" అన్నారు చూడండి, అక్కడ మీతో పేచీ.

ఆఫ్రికాలోని నైజర్‌లో ఒక్కో తల్లికి సగటున ఆరుగురు పిల్లలు. జనంలో దాదాపు సగం పదిహేనేళ్లలోపువారే. ఎన్ని బడులు కట్టినా చాలవు, సంపాదించే చేతులకన్నా తినే నోళ్లే ఎక్కువ. మీరన్నది ఇంతవరకు నిజం. కానీ పేదరికానికీ కాన్పులకీ లంకె రెండోవైపు నుంచీ ఉంది. సర్వేకు వెళ్లినవారు "ఎంతమందిని కన్నారు?" అని అడిగి ఊరుకోరు, "ఎంతమంది బతికి ఉన్నారు?" అనీ అడుగుతారు. వేళ్లు మడుస్తున్న తల్లి అక్కడ ఆగిపోతుంది. బిడ్డలు దక్కుతారన్న నమ్మకం, ముసలితనానికి ఆసరా లేనిచోట పేదరికమే కాన్పులను పెంచుతుంది. బంగ్లాదేశ్ 1970లలో ఆరు దాటిన సగటును, సంపన్నం కాకముందే, 1990ల నాటికి సగానికి దించింది. మహిళా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కుటుంబ నియంత్రణ సాధనాలు అందించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ సగటు 1.7, అంటే ఒక్కో తల్లికి ఇద్దరికన్నా తక్కువే. ఇద్దరిని మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను 2024లో మన శాసనసభే ఎత్తేసింది. మీరింకా కుటుంబ నియంత్రణ నినాదాల పాత గోడరాతల దగ్గరే ఉన్నారు, అమ్మాయి ముందుకెళ్లింది.

డేటా సైన్స్ మీద నాకు నమ్మకం సన్నగిల్లుతోంది. లక్షలు కట్టించుకుని ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ నేర్పుతారు, అంకె ఎవరి నోటి నుంచి వచ్చిందో మాత్రం చెప్పరు. వయసు అడిగితే పల్లెల్లో చాలామంది ముప్పై, ముప్పై అయిదు, నలభై అని సర్దేస్తారు. ఆ సంగతి తెలియకుండా ఎంత గొప్ప ప్రోగ్రామ్ రాసినా లెక్క తప్పే. జనాభా అధ్యయనంలో మొదట పట్టుకోవడం నేర్పేది ఇలాంటి తప్పులనే. డేటా సైన్స్‌లో వాడే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అంటారా, అమ్మాయి ఇంట్లోనే నేర్చుకోగలదు.

మొదట్లో సర్వే ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పనులే ఎక్కువ, జీతం సాఫ్ట్‌వేర్ వారంత ఉండదు. అది దాచను. ముంబైలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ 1956 నుంచి ఉంది, పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నిర్వహించేది అదే. దరఖాస్తు గడువు ఎప్పుడో అమ్మాయినే అడగండి. ఈపాటికి చూసే ఉంటుంది.